సేవకని విదేశం వెళ్తున్నారా? టికెట్ కొనేముందు ఇవి చూసుకోండి

డిగ్రీ అయ్యాక, ఉద్యోగంలో చేరేలోపు కొన్ని నెలలు ఆఫ్రికాలోనో నేపాల్‌లోనో వాలంటీర్‌గా పనిచేసి రావాలని మన పిల్లలు చాలామంది అనుకుంటున్నారు. రిటైరైన టీచర్లు, నర్సులు కూడా అడుగుతున్నారు. వెళ్లండనే నేను చెప్తాను. కాకపోతే అక్కడ మనకేమీ కాకుండా చూసుకోవడంతో పాటు, మనవల్ల అక్కడివాళ్లకి ఏమీ కాకుండా కూడా చూసుకోవాలి. ఈ రెండో సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవాల్సింది: అసలు వాళ్లు మనల్ని రమ్మన్నారా? మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1920లో స్విట్జర్లాండ్‌కి చెందిన పియర్ సెరెసోల్ అనే ఆయన ఫ్రాన్స్‌లో వెర్దున్ దగ్గర నేలమట్టమైన ఒక ఊరిని మళ్లీ కట్టడానికి వేర్వేరు దేశాల వాళ్లని పోగుచేశారు. అంతర్జాతీయ వాలంటీర్ శిబిరాలకి అదే ఆరంభమని చెప్తారు. ఆ బృందంలో జర్మన్లు కూడా ఉన్నారు. యుద్ధం దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి స్థానికులు ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. ఉద్దేశం ఎంత మంచిదైనా ఊరు ఒప్పుకోకపోతే పని సాగదు. అదే సెరెసోల్ 1934 బిహార్ భూకంపం తర్వాత మన దేశానికి వచ్చినప్పుడు, బాబూ రాజేంద్రప్రసాద్ నడిపిస్తున్న సహాయ కమిటీతో కలిసి పనిచేశారు. అక్కడ ఊళ్లు కట్టే పని కొన్నేళ్ల పాటు సాగింది.

విపత్తు వార్త టీవీలో చూసి వెంటనే విమానం ఎక్కేయడం మరీ ప్రమాదం. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు కాఠ్మాండూ అంతర్జాతీయ విమానాశ్రయానికి ఉన్నది ఒక్కటే రన్‌వే. సహాయ సామగ్రి తెచ్చిన విమానాలే దిగడానికి చోటు లేక గాల్లో చక్కర్లు కొట్టాయి, కొన్ని వెనక్కి తిరిగాయి. అలాంటి చోటికి ఎవరూ పిలవకుండా వెళ్లిన మనిషికి కూడా తిండి, నీళ్లు, పడుకునే చోటు ఎవరో ఒకరు చూడాల్సిందే. గాయాలకి కుట్లు వేయగలిగిన డాక్టరైనా సరే, అక్కడి ప్రభుత్వంతోనో అక్కడ ముందునుంచీ పనిచేస్తున్న సంస్థతోనో మాట్లాడుకున్నాకే బయల్దేరాలి.

ఇక డబ్బు సంగతి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ కార్యక్రమం 1970లో మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. దానికి దరఖాస్తు పెట్టడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఎంపికైతే రానుపోను ప్రయాణం, బీమా, నెలనెలా జీవన భృతి వాళ్లే చూస్తారు. కాబట్టి ‘యూఎన్ వాలంటీర్ పోస్టు, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని జీమెయిల్ అడ్రస్ నుంచి ఉత్తరం వస్తే అది మోసం. ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఫీజు తీసుకునే సంస్థలన్నీ దొంగవని మాత్రం అనను. చిన్న సంస్థలు భోజనానికి, వసతికి తీసుకుంటాయి, అది న్యాయమే. కట్టిన దాంట్లో ఆ ఊరికి ఎంత వెళ్తుంది, ఏజెంటుకి ఎంత వెళ్తుంది అని రాతపూర్వకంగా అడగండి. అడిగితే విసుక్కునే సంస్థ మీకు వద్దు.

ఉచితంగా తీసుకెళ్తాం, టికెట్ కూడా మాదే అంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి విశాఖ చుట్టుపక్కల కుర్రాళ్లని కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో బయటపడింది. ఉద్యోగం అని వేసిన వలని రేపు సేవ అని కూడా వేయొచ్చు. ఆ దేశంలో ఆ సంస్థ రిజిస్టరైందా అని చూడండి. అంతకు ముందు పనిచేసి వచ్చినవాళ్లలో కనీసం ఇద్దరితో, సంస్థ ఇచ్చిన నంబర్లలో కాకుండా మీరే వెతికి పట్టుకున్నవాళ్లతో మాట్లాడండి. దిగాక పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి ఉంచకండి. తిరుగు టికెట్ డబ్బు ఎవరూ ముట్టుకోలేని ఖాతాలో పెట్టుకోండి. అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు మీ ఫోన్‌లోనే కాదు, ఇంట్లో అమ్మ దగ్గరో నాన్న దగ్గరో కాగితం మీద రాసి ఉండాలి.

వీసా దగ్గర చాలామంది పొరబడేది ‘జీతం లేదు కదా, టూరిస్టు వీసా చాలదా’ అని. చాలా దేశాల్లో చాలదు. బ్రిటన్‌లో నెలల తరబడి చారిటీకి పనిచేయాలంటే చారిటీ వర్కర్ వీసా వేరే ఉంది, దానికి అక్కడి సంస్థ స్పాన్సర్ చేయాలి, గడువు గరిష్ఠంగా 12 నెలలు. ఊరు చూడ్డానికి విజిటర్‌గా వెళ్లినవాళ్లు రిజిస్టరైన చారిటీలో 30 రోజుల వరకు చేయొచ్చు, కానీ వెళ్లిన ముఖ్య ఉద్దేశం అది కాకూడదు. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుతున్న పిల్లలు, భర్త ఉద్యోగ వీసాతో పాటు వచ్చే హెచ్-4 మీద ఉన్న మన ఆడపిల్లలు ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఫుడ్ బ్యాంక్‌లో, గుళ్లో, లైబ్రరీలో అందరూ ఉచితంగా చేసే పని చేయొచ్చు. పక్కవాళ్లకి జీతమిచ్చే పనిని ఏ స్టార్టప్‌లోనో మీరు ఊరికే చేసినా, అది అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కకట్టే వీలుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అనాథాశ్రమాల వ్యవహారం. మనవాళ్లు ఎక్కువగా కోరుకునేదీ అదే. కంబోడియాలో అనాథాశ్రమాల పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ ఏనాడో చెప్పింది. నేపాల్‌లో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల నుంచి, చదువు చెప్పిస్తామని నమ్మించి దళారులు పిల్లల్ని కాఠ్మాండూ తెచ్చి ఇలాంటి ఇళ్లలో పెట్టారు. విదేశీ వాలంటీరు వస్తాడు, ఫీజు కడతాడు, వెళ్లేటప్పుడు విరాళం ఇస్తాడు. ఆ డబ్బు వస్తున్నంత కాలం పిల్లలు కావాలి. 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు ఆస్ట్రేలియా ఇలా పిల్లల్ని అనాథాశ్రమాలకి అక్రమంగా తరలించడాన్ని కూడా ఆ బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది.

మంచి ఆశ్రమమే అనుకుందాం. మీరు గేటు తీయగానే నాలుగేళ్ల పిల్ల పరుగెత్తుకొచ్చి మీ వేలు పట్టుకుంటుంది, ఒళ్లో కూర్చుంటుంది. మనకి కళ్లనీళ్లు వస్తాయి. ముక్కూమొహం తెలియనివాళ్ల ఒళ్లోకి మామూలుగా ఏ పిల్లా అలా వచ్చి కూర్చోదు. అలా చేస్తోందంటే ఆ పిల్లని దగ్గరికి తీసి, మూడు వారాలకి వదిలేసి వెళ్లినవాళ్లు మీకంటే ముందు చాలామంది ఉన్నారన్నమాట. ఆ వరసలో మీరు చేరకండి. పిల్లలకోసమే చేయాలనుంటే అక్కడి టీచర్లకి శిక్షణ ఇచ్చే పనో, పిల్లల్ని తిరిగి కుటుంబాల దగ్గరికి చేర్చే సంస్థల్లో ఆఫీసు పనో ఎంచుకోండి. పిల్లల మధ్య పని ఇస్తూ, మన పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగని సంస్థ దగ్గరికి అసలు పోవద్దు. మిమ్మల్ని అడగనివాళ్లు ఇంకెవర్నీ అడగరు.

మెడికో పిల్లలకి ఒక మాట. ఇక్కడ మీకు అనుమతి లేని ప్రొసీజర్ అక్కడ ‘ఎవరూ అడగరు’ కదా అని చేయకూడదు. అక్కడున్నదీ మనిషి ప్రాణమే.

ఆరోగ్యం. కెన్యా, ఉగాండా, ఘనా లాంటి దేశాలకి వెళ్లేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. ఇది మామూలు క్లినిక్‌లో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) అలాంటిదే. టీకా వేశాక చిన్న పసుపు పుస్తకం చేతికిస్తారు. అక్కడే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి, తేదీ, బ్యాచ్ నంబరు, సంతకం, స్టాంపు ఉన్నాయో లేదో చూడండి. వేసిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది, కాబట్టి చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు, 60 దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

‘మాది ఏజెన్సీ ఏరియా, మాకు మలేరియా అలవాటే’ అని ధీమా పడొద్దు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం, ప్రాణం తీసే రకం. నివారణ మాత్రలు బయల్దేరే ముందే మొదలుపెట్టాలి. తిరిగొచ్చాక కూడా రకాన్ని బట్టి వారమో, నాలుగు వారాలో వేసుకోవాలి.

మనం కూడా జబ్బు మోసుకెళ్లకూడదు. 2010లో హైతీలో కలరా పుట్టింది సాయానికి వచ్చిన శాంతి సైనికుల శిబిరం మురుగు నదిలో కలవడం వల్ల. సుమారు 10 వేల మంది చనిపోయారు. 2016లో ఐక్యరాజ్యసమితి క్షమాపణ చెప్పింది. విరేచనాలో జ్వరమో ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

సామాన్లలో ఒకటే చెప్తాను. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లాలు విప్పి చూడండి. అందులో గసగసాలుంటే తీసేయండి. యూఏఈలో అవి నిషేధం, జైలు దాకా వెళ్తుంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులకీ అక్కడ కఠినమైన నిబంధనలున్నాయి. డాక్టరు చీటీ ఉంటే సరిపోతుందని అనుకోకండి, ముందస్తు అనుమతి కావాలేమో కనుక్కోండి.

తిరిగొచ్చిన మూడు నెలల్లోపు జ్వరం వస్తే వైరల్ అని పారాసిటమాల్ వేసుకుని కూర్చోకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి, డాక్టరు అడిగినా అడక్కపోయినా ఏ దేశం నుంచి ఎప్పుడొచ్చారో చెప్పి, మలేరియా పరీక్ష చేయించుకోండి.