లేత్ మీద థ్రెడ్ కోసే ముందు

మామూలు టర్నింగులో, అంటే జాబ్‌ను (పని చేసే లోహపు ముక్కను) తిప్పుతూ వ్యాసం తగ్గించేటప్పుడు, అనుమానం వస్తే టూల్‌ను నడిపే ఫీడ్ లివర్ వదిలేస్తాం. టూల్ ఉన్నచోటే నిలుస్తుంది, జాబ్ తిరుగుతూనే ఉంటుంది, పెద్దగా పోయేదేమీ ఉండదు. థ్రెడ్, అంటే బోల్టు మర, కోసేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. హాఫ్ నట్ (తెరిచి మూసే రెండు ముక్కల నట్టు) లీడ్ స్క్రూను (లేత్ పొడవునా ఉండే మర కడ్డీని) పట్టుకున్న క్షణం నుంచి, టూల్‌ను మోసే క్యారేజీ జాబ్‌ను తిప్పే స్పిండిల్‌కు కట్టుబడిపోతుంది. జాబ్‌ను పట్టి ఉంచే చక్ ఒక చుట్టు తిరిగితే క్యారేజీ ఒక పిచ్ (ఒక మర శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉన్న దూరం) నడిచి తీరుతుంది. ఎదురుగా జాబ్ భుజం ఉన్నా, చక్ దవడ ఉన్నా, మీ వేలు ఉన్నా అది ఆగదు. ఒంటికి చెప్పే జాగ్రత్తలైనా, కొలతకు చెప్పే జాగ్రత్తలైనా ఈ పనిలో చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

కాబట్టి మోటారు స్విచ్చి మీద చెయ్యి వేయకముందే ఒక లెక్క కట్టుకోండి: కోత చివర నా చేతిలో ఎన్ని సెకన్లు ఉంటాయి? ఎం20 బోల్టు (20 మి.మీ. మెట్రిక్ థ్రెడ్), 2.5 మి.మీ. పిచ్ తీసుకుందాం. స్పిండిల్ 200 ఆర్‌పీఎంలో (నిమిషానికి 200 చుట్లు) తిరిగితే క్యారేజీ సెకనుకు 8 మి.మీ. పైగా నడుస్తుంది. థ్రెడ్ ముగిసే చోట 7.5 మి.మీ. వెడల్పున గాడి తీసి పెట్టుకున్నా, టూల్ అందులో అడుగుపెట్టాక మీకు మిగిలేది సెకను కంటే తక్కువే. ఆలోపు ఒక చెయ్యి హాఫ్ నట్ తెరవాలి, రెండో చెయ్యి టూల్‌ను జాబ్ వైపుకీ వెనక్కీ నడిపే క్రాస్ స్లయిడ్‌ను వెనక్కి తిప్పాలి. అదే 60 ఆర్‌పీఎం అయితే 3 సెకన్లు దొరుకుతాయి. వేగం తగ్గితే హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూల్‌తో ఉక్కు కాస్త గరుకుగా తెగవచ్చు. తెగనివ్వండి. గరుకును చివరి కోతల్లో నూనెతో సరిచేసుకోవచ్చు, చక్‌ను గుద్దుకున్న టూల్ పోస్టును సరిచేసుకోవడం అంత తేలిక కాదు.

గాడి లేకుండా, టూల్‌ను చివర్లో చటుక్కున బయటికి లాగి థ్రెడ్ ముగించే పద్ధతి కూడా ఉంది. చెయ్యి తిరిగినవారు చేస్తే చూడముచ్చటగా ఉంటుంది. డ్రాయింగు అడగనప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గాడి అడుగును థ్రెడ్ అడుగు వ్యాసం కంటే కొంచెం లోతుగా తీయాలి. ఎం20కి థ్రెడ్ అడుగు దాదాపు 16.93 మి.మీ. కనుక గాడిని 16.5 దాకా తీస్తే టూల్ మొన ఖాళీలోకి హాయిగా వస్తుంది.

ఆ తర్వాత టూల్‌ను జాబ్‌కు దూరంగా లాగి, ఉత్త గాలిలో నాలుగైదు కోతలు నడిపించి చూడండి. ఏ చెయ్యి ఏ లివర్ మీద ఉండాలో, హాఫ్ నట్ ఎటు ఒత్తితే తెరుచుకుంటుందో చెయ్యికి తెలియాలి; తలకు తెలిస్తే చాలదు. కొత్త లేత్ మీదికి మారినప్పుడు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు కూడా ఈ గాలి కోతలు మానకూడదు, ఎందుకంటే ఒక యంత్రం మీద పైకెత్తే లివర్ మరో యంత్రం మీద కిందికి నొక్కేదై ఉంటుంది.

చేతుల విషయం ఇక్కడే చెప్పేస్తాను. గ్లవ్స్ వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, ఉంగరం, వాచీ వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. చక్ కీ మీ చేతిలో ఉండాలి లేదా దాని చోట ఉండాలి, చక్‌లో మాత్రం ఒక్క క్షణం కూడా వదలకూడదు. ఇవి లేత్ మీద ఏ పనికైనా వర్తించేవే. థ్రెడ్‌కు ప్రత్యేకమైన ప్రమాదం వేరే ఉంది. నున్నటి జాబ్ మీద గుడ్డ పెడితే కొన్నిసార్లు జారిపోతుంది. తిరుగుతున్న థ్రెడ్ మీద పెడితే అది పంటితో పట్టినట్లు గుడ్డను పట్టి చుట్టుకుంటుంది, దాని వెనుకే వేళ్లూ పోతాయి. శుభ్రం చేయాలన్నా, బర్ (అంచున మిగిలిన లోహపు ముళ్లు) తీయాలన్నా, పిచ్ గేజ్ (పిచ్ సరిచూసే పళ్ల రేకు) పెట్టాలన్నా స్పిండిల్ పూర్తిగా ఆగాకే. ఆగిన తర్వాత కూడా వేలితో నిమరవద్దు, అప్పుడే తెగిన థ్రెడ్ అంచు బ్లేడు లాంటిది. గాడిలో ఇరుక్కున్న తురుమును యంత్రం ఆపి, బ్రష్షుతోనో కొక్కెంతోనో తీయండి.

చక్ స్పిండిల్ మీద ఎలా కూర్చుందో కూడా ముందే చూసుకోవాలి. పాత లేత్‌లలో, చిన్న లేత్‌లలో చాలావాటికి చక్‌ను స్పిండిల్ ముక్కు మీది థ్రెడ్‌కే నట్టులా తిప్పి బిగిస్తారు. థ్రెడ్ కోసేటప్పుడు స్పిండిల్‌ను వెనక్కి తిప్పాల్సి వస్తే, ఉన్నట్టుండి తిప్పినప్పుడు ఆ చక్ వదులై ఊడి రావచ్చు. అలాంటి యంత్రం మీద స్పిండిల్ పూర్తిగా ఆగనిచ్చి, నెమ్మదిగా వెనక్కి నడపండి; వెనక్కి తిప్పుతూ కోత మాత్రం వేయవద్దు. థ్రెడ్‌తో కాక తాళంలాంటి క్యామ్‌లతో బిగిసే క్యామ్‌లాక్ చక్ ఉన్నవారికి ఈ బెంగ లేదు.

ఇక జాబ్ సంగతి. బయటి వ్యాసాన్ని సరిగ్గా 20.00 మి.మీ.కు తిప్పి సంతోషపడేవారు చాలామంది. మామూలుగా వాడే 6జీ తరగతికి (కొలతలో ఎంత తేడా ఉండవచ్చో చెప్పే తరగతి) ఎం20 బయటి వ్యాసం 19.623కు, 19.958కు మధ్య ఉండాలి. అంటే 20.00 అన్నది కోత మొదలవకముందే తప్పు. పైగా టూల్ పక్కకు నెట్టిన లోహం థ్రెడ్ శిఖరాల దగ్గర ఉబ్బుతుంది. నేను 19.85 దగ్గర ఆపుతాను. ముందు అంచుకు థ్రెడ్ లోతు దాకా చాంఫర్ (ఏటవాలు కోత) ఇవ్వాలి. వ్యాసంతో పోలిస్తే పొడవైన జాబ్‌కు రెండో కొసను ఆనించే టెయిల్‌స్టాక్ సెంటర్, మరీ సన్నదైతే క్యారేజీతో పాటు నడుస్తూ జాబ్‌ను వంగనివ్వని ఫాలోయింగ్ స్టెడీ కావాలి. చక్ పట్టు గురించి ఒక మాట: టర్నింగులో జాబ్ కాస్త జారితే ఒక గీత పడుతుంది, అంతే. ఇక్కడ వెంట్రుకవాసి జారినా టూల్‌కూ గాడికీ ఉన్న లంకె తెగిపోతుంది, తర్వాతి కోత థ్రెడ్ పక్క గోడను తినేస్తుంది. టూల్ పోస్టు బోల్టులకూ ఇదే వర్తిస్తుంది.

టూల్ మొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి, సెంటర్ గేజ్ (టూల్ మొన కోణానికి సరిపోయే గాటు ఉన్న రేకు) పెట్టి జాబ్‌కు నిటారుగా సరిచూడాలి. గేజ్ వెనుక తెల్ల కాగితం పెడితే సందులోంచి కనిపించే వెలుగు తేడా చెప్పేస్తుంది. కోసేవైపు పక్క క్లియరెన్స్ (టూల్ పక్క రాసుకోకుండా వదిలే కోణం) థ్రెడ్ వాలు కంటే ఎక్కువ ఉండాలి. ఎం20 ముతక థ్రెడ్ వాలు దాదాపు 2.5 డిగ్రీలే కనుక మామూలు టూల్ సరిపోతుంది. సన్నటి వ్యాసం మీద పెద్ద పిచ్ వచ్చినప్పుడు మాత్రం దీన్ని లెక్క వేయకపోతే టూల్ కోయకుండా రాసుకుంటుంది.

మొన గుండ్రనం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే "పట్టిక ప్రకారమే కోశాను, నట్టు ఎక్కడం లేదు" అన్న ఫిర్యాదు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. మెట్రిక్ పట్టికల్లో బయటి థ్రెడ్ లోతు పిచ్‌కు 0.6134 రెట్లు అని ఉంటుంది. 2.5 పిచ్‌కు 1.53 మి.మీ. ఈ అంకె వెనుక ఒక షరతు ఉంది: మొన పిచ్‌కు 0.144 రెట్లు, అంటే ఇక్కడ సుమారు 0.36 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. మీరు సూదిమొనతో టూల్ సాన పెట్టి అదే 1.53 దగ్గర ఆపారనుకోండి, గాడి కావలసినంత వెడల్పు కాదు. సూదిమొనతో అదే గాడి రావాలంటే 1.89 దాకా దిగాలి. ఆ తేడా పిచ్ వ్యాసంలో (థ్రెడ్ మందం, గాడి వెడల్పు సమానంగా ఉండే చోటి వ్యాసంలో) 0.7 మి.మీ. పైగా తేలుతుంది, నట్టు చాంఫర్ దగ్గరే ఆగిపోతుంది. దిగితే సరిపోదా అంటే, సూదిగా తెగిన అడుగు నుంచే బోల్టుకు పగులు మొదలవుతుంది. సాన రాయి మీద మరో నిమిషం గడిపి మొనకు గుండ్రనం ఇవ్వండి.

క్రాస్ స్లయిడ్ మీద ఏ కోణానికైనా తిప్పగలిగే కాంపౌండ్ స్లయిడ్‌ను 29.5 డిగ్రీలకు తిప్పి దాంతోనే లోతు ఇస్తే టూల్ ఎక్కువగా ఒక పక్కతోనే కోస్తుంది, అదురు తగ్గుతుంది. ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ఈ 29.5 అన్నది క్రాస్ స్లయిడ్ దిక్కు నుంచి కొలవాలి. కొన్ని లేత్‌ల స్కేలులో సున్నా బెడ్ దిక్కున ఉంటుంది, అక్కడ 60.5 పెట్టాలి. రెండోది, ఏటవాలుగా నడిచే స్లయిడ్ 1.53 లోతుకు 1.76 మి.మీ. నడవాలి. దీనికి తోడు క్రాస్ స్లయిడ్ డయల్ కొన్ని యంత్రాల మీద టూల్ నడకను చూపుతుంది, కొన్నింటి మీద వ్యాసంలో తగ్గుదలను చూపుతుంది. డయల్ ఇండికేటర్ (కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి ఒకసారి సరిచూసుకుంటే జీవితాంతం ఆ అనుమానం ఉండదు.

పిచ్ కోసం గేర్లు మార్చేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆపి, మార్చాక గేర్ మూత మూసి మరీ నడపాలి. గేర్ బాక్సు లివర్లను పట్టికతో పోల్చిచూసినా నమ్మేయకండి. మొదటి కోత 0.05 మి.మీ.కు మించకుండా ఉత్త గీతలా వేసి, యంత్రం ఆపి, పిచ్ గేజ్ పెట్టి చూడండి. లేదా స్కేలుతో పది పిచ్‌లు ఒకేసారి కొలవండి, 25 మి.మీ. రావాలి. ఈ అర నిమిషం కోసం బద్ధకించి, 2.5 బదులు 2 పిచ్ థ్రెడ్ పూర్తిగా కోసి, దాన్ని జిగేల్‌మనేలా తుడిచి మరీ అప్పగించిన రోజు నాకు ఉంది.

హాఫ్ నట్ తెరవచ్చా, తెరవకూడదా అన్నది లీడ్ స్క్రూ మీద ఆధారపడి ఉంటుంది. లీడ్ స్క్రూ పిచ్ 6 మి.మీ. అయితే 1, 1.5, 2, 3 పిచ్‌లు దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి, హాఫ్ నట్ ఎక్కడ మూసినా టూల్ పాత గాడిలోనే పడుతుంది. 2.5 పిచ్ అలా కాదు. లీడ్ స్క్రూ పొడవునా 30 మి.మీ.కు ఒక చోట మాత్రమే రెండూ కలుస్తాయి. 1.75కు అది 42 మి.మీ. అందుకే హాఫ్ నట్ ఎప్పుడు మూయాలో చూపే చేజింగ్ డయల్ అడుగున ఆ పిచ్‌కు తగిన గేరు ఉందో లేదో చూసి, ప్రతిసారీ ఒకే గీత దగ్గర మూయాలి. అంగుళాల లీడ్ స్క్రూ మీద 127 పళ్ల గేరు వేసి మెట్రిక్ థ్రెడ్ కోస్తుంటే డయల్‌ను మరిచిపోండి. పని పూర్తయ్యేదాకా హాఫ్ నట్ మూసే ఉండాలి, స్పిండిల్‌ను వెనక్కి తిప్పే క్యారేజీని తేవాలి. అప్పుడు పాటించాల్సిన వరుస ఒకటుంది. ముందు స్పిండిల్ ఆపాలి, తర్వాత టూల్ బయటికి లాగాలి, ఆ తర్వాతే వెనక్కి తిప్పాలి. లాగకుండా తిప్పితే బ్యాక్‌లాష్ (స్క్రూకూ నట్టుకూ మధ్య ఉండే సందు) వల్ల టూల్ వచ్చిన దారినే వెళ్లదు, పక్క గోడకు ఒరుసుకుని మొన విరుగుతుంది. వెనక్కి తెచ్చినప్పుడు కూడా జాబ్ అంచుకు కొన్ని మిల్లీమీటర్లు దాటించి తెస్తేనే, మళ్లీ ముందుకు కదిలేటప్పుడు ఆ సందు పూర్తిగా నిండుతుంది. చేతులతో చక్రం తిప్పే సమయం తక్కువగా ఉండే ఈ పద్ధతిలో 60 ఆర్‌పీఎం కూడా ఎక్కువే అనిపించవచ్చు.

కోతల లోతు దిగేకొద్దీ తగ్గాలి, ఎందుకంటే ప్రతి కోతకూ టూల్ తాకే వెడల్పు పెరుగుతుంది. 0.25తో మొదలైనది చివరికి 0.03 దగ్గరికి రావాలి. లోతు పెంచకుండా ఒకటి రెండు కోతలు ఊరికే నడిపితే వంగిన జాబ్, టూల్ తమ చోటికి వచ్చి మిగిలిన పొర తీసేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద మాత్రం ఈ ఊరికే కోతలు పదేపదే వేయవద్దు. రాపిడికి పైపొర గట్టిపడి టూల్ మొద్దుబారుతుంది. ఉక్కుకు గంధకం కలిసిన కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరోసిన్ బాగుంటాయి. ఇత్తడికి, పోత ఇనుముకు ఏదీ అక్కర్లేదు.

కొలతకు నట్టును నమ్మవద్దు. నట్టు ఎక్కిందంటే బోల్టు మరీ లావు కాదని మాత్రమే అర్థం, ఎంత వదులో అది చెప్పదు. మూడు తీగల పద్ధతి దీనికి సరైనది. 60 డిగ్రీల థ్రెడ్‌కు తీగ వ్యాసం పిచ్‌కు 0.577 రెట్లు ఉంటే మేలు, 2.5కు 1.443 మి.మీ. ఎం20 పిచ్ వ్యాసం 6జీలో 18.164 నుంచి 18.334 దాకా ఉండవచ్చు. దానికి మూడు తీగల మందం కలిపి, పిచ్‌కు 0.866 రెట్లు తీసేస్తే మైక్రోమీటర్ మీద 20.33 నుంచి 20.50 మధ్య కనిపించాలి. తీగలు జారిపోతుంటే చుక్క గ్రీజు పెట్టి అంటించండి. జాబ్ చేతికి వెచ్చగా తగులుతుంటే చల్లారనివ్వండి. 30 డిగ్రీలు వేడెక్కిన ఉక్కు 20 మి.మీ. వ్యాసంలో 7 మైక్రాన్లే పెరుగుతుంది కానీ, 300 మి.మీ. పొడవులో 0.1 మి.మీ. పెరుగుతుంది. పొడవైన స్క్రూ చల్లారాక పిచ్ కుదించుకుపోయిందంటే కారణం ఇదే.

మధ్యలో టూల్ మొన విరిగితే కంగారు వద్దు. సాన పెట్టి, గేజ్‌తో మళ్లీ నిటారుగా పెట్టి, టూల్‌ను జాబ్‌కు దూరంగా ఉంచి హాఫ్ నట్ మూసి, స్పిండిల్‌ను ముందు దిక్కుకే నెమ్మదిగా తిప్పి గాడి ఎదురుగా ఆపండి. హాఫ్ నట్ తెరవకుండా కాంపౌండ్, క్రాస్ స్లయిడ్‌లతో మొనను గాడి మధ్యలోకి తెచ్చి డయల్‌లను సున్నా చేసుకోండి. వెనక్కి తిప్పి ఆపితే బ్యాక్‌లాష్ అంతా తప్పు వైపు చేరి ఈ శ్రమ వృథా అవుతుంది.

లోపలి థ్రెడ్‌కు ఇవన్నీ వర్తిస్తాయి, ఒక్కటి తలకిందులవుతుంది: టూల్ బయటికి రావాలంటే క్రాస్ స్లయిడ్‌ను ఇప్పటిదాకా అలవాటైన దిక్కుకు తిప్పకూడదు. మొన ఎక్కడుందో కూడా కనిపించదు కనుక బోరింగ్ బార్ మీద లోతుకు గీత పెట్టుకోండి, వేగం ఇంకా తగ్గించండి. గాలి కోతలు ఇక్కడ మరో పది వేయండి.

కొలత తేలిందని రూఢి అయ్యేదాకా జాబ్‌ను చక్ నుంచి విప్పవద్దు. విప్పాక ముందు చేయాల్సిన పని, లీడ్ స్క్రూ లివర్‌ను న్యూట్రల్‌లోకి తేవడం. మీ తర్వాత ఆ లేత్ దగ్గరికి వచ్చేవారు మామూలు టర్నింగ్ అనుకునే స్టార్ట్ నొక్కుతారు.