వర్క్ డేకి వచ్చేముందు ఇది చదవండి: నీళ్ళలోకి ఒక్కరే దిగొద్దు

ఫిషింగ్ సీజన్ మొదలవకముందే మన క్లబ్బు వాళ్ళం కలిసి చెరువు బాగుచేసుకునే వర్క్ డేలు వచ్చేస్తున్నాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. ఈమధ్య ఇంకో ఫిషింగ్ క్లబ్బులో ఇలాంటి పనికే వాలంటీర్‌గా వచ్చిన ఒకాయన నీళ్ళలో చనిపోయాడు. ఆయనకి ఈత వచ్చు, ఆ చెరువు ఏళ్ళ తరబడి తెలుసు, వేడర్స్ (నీళ్ళలో దిగడానికి వేసుకునే, బూట్లతో కలిసి ఛాతీదాకా వచ్చే నీళ్ళు పట్టని ప్యాంటు) కూడా వేసుకునే ఉన్నాడు. పనంతా అయిపోయి అందరూ సామాన్లు సర్దుకుంటుంటే, నాచు లాగే రేక్ ఒకటి నీళ్ళలోనే ఉండిపోయిందని గుర్తొచ్చి ఒక్కడే వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి ఆయన ఎక్కడని ఎవరో అడిగేదాకా ఎవరికీ తెలీలేదు.

గ్లవ్స్ తెచ్చుకోండి, మంచి బూట్లు వేసుకోండి లాంటివి నేను చెప్పను, అవి అందరికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: గట్టు మీద మిమ్మల్నే చూస్తూ ఒక మనిషి లేకపోతే నీళ్ళలో కాలు పెట్టొద్దు. మోకాలి లోతే కదా, ఒక్క నిమిషమే కదా అనుకోవద్దు. నేను చూసిన ప్రమాదాలు, తృటిలో తప్పినవి కూడా, దాదాపు అన్నీ ఆ ఒక్క నిమిషంలో జరిగినవే. పని జోరుగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, జరిగేదల్లా ఆఖర్లో, ఒళ్ళు అలిసిపోయి, తాడు మడిచి బండిలో పెట్టేశాక.

ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. పొద్దున మీరు నిలబడ్డ అడుగు సాయంత్రానికి అదే అడుగు కాదు. పొద్దుట్నుంచి మనమే రేక్‌లతో నాచు లాగి, జమ్ము దుబ్బుల్ని వేళ్ళతో సహా పీకి, బురదంతా కలిపేసి ఉంటాం. దుబ్బు పీకినచోట గుంట పడుతుంది, నీళ్ళు మురికయ్యేసరికి ఆ గుంట కనపడదు. ఈ చెరువు నాకు తెలుసు అనే ధైర్యం ఆరోజు పనిచెయ్యదు. గుర్రపుడెక్క కమ్మేసిన చోట అయితే మరీను, పైన పచ్చగా చదునుగా ఉంటుంది, కింద ఎంత లోతో కర్ర దింపి చూసేదాకా ఎవరికీ తెలీదు.

వేడర్స్ గురించి. నీళ్ళు నిండితే అవే మనిషిని అడుక్కి లాగేస్తాయని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే బరువు కాబట్టి నీళ్ళలో ఉన్నంతసేపు అది లాగదు. కానీ గట్టెక్కేటప్పుడు ఆ నీళ్ళ బరువంతా మీ మీదే పడుతుంది, అలిసిపోయిన మనిషి ఒక్కడే పైకి రాలేడు, చెయ్యి అందించే మనిషి కావాలనేది అందుకే. నడుముకి బెల్ట్ బిగించుకోండి, పడినా నీళ్ళు లోపలికి తొందరగా వెళ్ళవు. వేడర్స్ పైన లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఈత వచ్చినవాళ్ళకి కూడా.

నీళ్ళు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఇంకా ప్రమాదం. అందులో హఠాత్తుగా పడితే ఊపిరి మన చేతుల్లో ఉండదు, ఒక్కసారిగా గట్టిగా ఎగపీలుస్తాం, ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉంటే అంతే. మొదటి నిమిషం రెండు నిమిషాలు ఈత కొట్టాలని చూడకండి, వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడనివ్వండి. ఆ తర్వాత కూడా చేతులు కాళ్ళు మాట వినేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త టైములో గట్టు మీద మనిషి తాడు విసిరితే బతుకుతారు, లేకపోతే లేదు.

బురదలో కాలు దిగబడితే పైకి గుంజకండి, గుంజేకొద్దీ రెండోది దిగుతుంది. వెనక్కి వాలి బరువు పరుచుకునేలా చేసి, ఒక కాలు మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ చుట్టూ నీళ్ళు చేరనిచ్చి తీయండి. బయటున్నవాళ్ళు చెక్కో నిచ్చెనో బురద మీద పరిచి అందించండి. తాడు కట్టి బండితో లాగడం మాత్రం వద్దు, మనిషి కీళ్ళు ఊడతాయి.

గట్టు మీద ఉండే మనిషి పని కూడా ఒక పనే, దాన్ని చిన్నచూపు చూడకండి. ఆ మనిషి ఫోన్ చూడకూడదు, కొమ్మలు మోయకూడదు, టీ కలపకూడదు. చేతిలో విసిరే తాడు, పక్కన పొడుగు కర్ర ఉండాలి. ఎవరైనా పడితే ముందు కేకెయ్యాలి, తర్వాత పడుకుని కర్ర అందించాలి, అందకపోతే తాడు విసరాలి. దూకకూడదు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు? అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఒకరి వెనకాల ఒకరు పోయారు. దూకాలనిపిస్తుంది, నాకు తెలుసు, అయినా దూకొద్దు.

బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్ళు కక్కించే పని పెట్టుకోవద్దు, టైము పోతుంది, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మునిగిన మనిషికి ముందు కావాల్సింది గాలి, కాబట్టి ముందు నోటితో శ్వాస ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ నొక్కడం, శ్వాస ఇవ్వడం మార్చి మార్చి చెయ్యండి, ఇంకొకరు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. ఇది నేర్చుకున్నవాళ్ళు కనీసం ఇద్దరైనా లేకుండా వర్క్ డే పెట్టొద్దని నా మాట. నీళ్ళు మింగి దగ్గుతూ బాగానే ఉన్నా అన్నవాళ్ళని కూడా హాస్పిటల్‌కి పంపాల్సిందే.

మిషన్ల విషయానికొస్తే, బ్రష్ కట్టర్ (గడ్డి, పొదలు కోసే మిషన్) నడుస్తుంటే 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. మన చెరువుల దగ్గర ప్రత్యేకమైన చిక్కు ఏంటంటే గడ్డిలో పాత ఫిషింగ్ లైన్లు, గాలాలు, సీసం బరువులు పడి ఉంటాయి. లైన్ కట్టర్ తిరిగే తలకి చుట్టుకుంటుంది, గాలం ఎగిరొచ్చి తగులుతుంది. ముందు నడిచి ఏరి, తర్వాతే కట్టర్ తీయండి. చుట్టుకున్న లైన్ తీసేముందు ఇంజన్ పూర్తిగా ఆపాలి. చైన్ సా (చెట్లు కోసే మోటారు రంపం) నేర్చుకున్నవాళ్ళే పట్టుకోవాలి. పడిపోయిన చెట్టు కొమ్మలు వంగి బిగుసుకుని ఉంటాయి, కోసిన క్షణంలో ఎటు తన్నుతాయో చెప్పలేం. వేళ్ళతో సహా ఒరిగిన చెట్టు అయితే మాను కోయగానే ఆ వేళ్ళ దిమ్మ తటాలున లేచి గుంటలో కూర్చుంటుంది, ఆ గుంటలో మాత్రం ఎవరూ నిలబడొద్దు.

ఇంక మిగిలినవి గుర్తొచ్చినట్టు రాసేస్తున్నా, వరస లేదు.

తాడు చేతికి చుట్టుకోవద్దు.

బండితో కొమ్మ లాగేటప్పుడు తాడు ఉన్న దారిలో, బండికీ కొమ్మకీ మధ్యలో ఎవరూ ఉండొద్దు, తెగిన తాడు మనిషిని కోసేస్తుంది.

కరెంటు వైర్ల కింద పొడుగు కర్రల రేక్‌లు, అల్యూమినియం నిచ్చెనలు నిలువుగా ఎత్తొద్దు. కార్బన్ ఫిషింగ్ రాడ్‌లోనూ కరెంటు పారుతుంది, వైరుకి తగలకపోయినా దగ్గరికొస్తే చాలు దూకుతుంది.

తూము తెరిచి ఉంటే దాని దగ్గర నీళ్ళలోకి ఎవరూ దిగొద్దు. తాడు కట్టుకున్నా సరే. ఆ లాగుడు నుంచి మనిషిని బయటికి తీయడం ఎవరి తరమూ కాదు.

తూము బావిలోకి, పంపు గుంటలోకి తల పెట్టొద్దు. కుళ్ళిన గుడ్డు వాసన ఆగిపోయింది కదా అని కూడా దిగొద్దు, ఆ వాసనొచ్చే విషపు గ్యాస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) ఎక్కువైతే ముక్కే పనిచెయ్యదు.

పంపు నీళ్ళలో ఉండగా కరెంటు ఆపకుండా ముట్టుకోవద్దు.

చేతి మీద గీత పడ్డా నీళ్ళు తగలని ప్లాస్టర్ వెయ్యండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, ఎలుక జ్వరం అంటారు చూడండి అదే. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళెర్రబడటం ఉంటే, చెరువులో పనిచేశానని డాక్టర్‌కి మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.

చేతులు కడగకుండా తినొద్దు, సిగరెట్ నోట్లో పెట్టొద్దు.

ఉరుము వినపడితే నీళ్ళలోంచి, చెట్ల కిందనుంచి బయటికి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

మందు తాగి వచ్చినవాళ్ళని వెనక్కి పంపండి. ఎంత సీనియర్ అయినా.

పిల్లలు వస్తే వాళ్ళ కోసమే ఒక పెద్దమనిషి, ఇంకే పనీ లేకుండా.

గేటు తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి. అంబులెన్స్ ఏ దారిన రావాలో, సిగ్నల్ ఎక్కడ అందుతుందో పొద్దున్నే చూసుకోండి.

పొద్దున పేర్లు రాసుకోండి, వెళ్ళేటప్పుడు అదే కాగితం చూసి పిలవండి. చేతులెత్తండి చాలు అనే పద్ధతి వద్దు, పేరు పేరునా.

రేక్ నీళ్ళలో ఉండిపోతే ఉండనివ్వండి. చైన్ సా అయినా సరే, ఫోన్ అయినా సరే. ఇంకో రేక్ కొందాం. విసిరే తాడు, లైఫ్ జాకెట్లు అన్నిటికంటే చివర సర్దండి, ఆఖరి మనిషి వేడర్స్ విప్పేదాకా గట్టు మీద మనిషి కదలొద్దు. మళ్ళీ చెప్తున్నా, ఒక్కరే దిగొద్దు, నిమిషం పనైనా దిగొద్దు. ఎవరైనా అలా వెళ్తుంటే మొహమాటపడకుండా గట్టిగా పిలిచి ఆపండి, కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి.