తల్లిపాలలో జన్యు వ్యక్తీకరణ – 4వ పాఠం: వాటా తగ్గితే జన్యువు తగ్గినట్టేనా?

ఈ వారం గ్రాఫులు గీయడం మొదలుపెడదామనుకున్నాం. అది వచ్చే వారానికి వాయిదా. పోయినసారి ఇచ్చిన పట్టిక (ముర్రుపాలలోనూ ఆ తర్వాతి పాలలోనూ ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూపేది) చూసి చాలామంది ఒకటే జవాబు రాశారు: "ముర్రుపాల దశ దాటాక లాక్టోఫెర్రిన్ జన్యువు సగానికి పడిపోయింది." (లాక్టోఫెర్రిన్ అంటే బిడ్డను సూక్ష్మక్రిముల నుంచి కాపాడే పాల ప్రోటీన్.) గుంటూరులో బాలింతల వార్డులో పనిచేసే ఒక సిస్టర్ గారైతే, "అంటే నెల దాటాక పాలలో పస ఉండదని తల్లులకు చెప్పాలా?" అని అడిగారు. చెప్పకండమ్మా. ఆ పట్టికలో అలా లేదు.

పాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైకి తేలిన కొవ్వు పొరలోంచి, జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే నకలైన ఆర్‌ఎన్‌ఏ తీయడం మీకు తెలిసినవే. కొవ్వు బొట్టు పాలకణం (రొమ్ములో పాలు తయారుచేసే కణం) నుంచి బయటపడేటప్పుడు కాస్త కణద్రవాన్ని వెంట తెచ్చుకుంటుంది. మనం కొలిచే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా అందులోదే.

పొరపాటంతా టీపీఎం (ప్రతి 10 లక్షల నకళ్లలో ఒక్కో జన్యువువి ఎన్ని అన్న లెక్క) అనే కాలమ్ దగ్గర జరిగింది. ఆ కాలమ్ మొత్తం ఎప్పుడూ 10 లక్షలే. కణంలో ఆర్‌ఎన్‌ఏ రెట్టింపైనా 10 లక్షలే, సగమైనా 10 లక్షలే. అంటే అందులో ఉన్నది వాటా, పరిమాణం కాదు. మన మిర్చి యార్డుకు నిన్న తేజ వెయ్యి టిక్కీలు, బాడిగ వెయ్యి టిక్కీలు వచ్చాయనుకోండి. ఇవాళ తేజ మూడు వేలు వచ్చింది, బాడిగ అదే వెయ్యి. బాడిగ వాటా సగం నుంచి పావుకు దిగింది. అంతమాత్రాన బాడిగ రైతు సరుకు తగ్గించినట్టా?

లెక్క కోసం నేను వేసిన అంకెలతో అదే చూద్దాం. మొదట లాక్టోఫెర్రిన్ 20, బీటా కేసిన్ (పాలలో ఒక ముఖ్య ప్రోటీన్) 20, మిగతావి 60; మొత్తం 100. తర్వాత బీటా కేసిన్ ఒక్కటే 120 అయింది, మొత్తం 200. లాక్టోఫెర్రిన్ వాటా 20 శాతం నుంచి 10కి వచ్చింది. లాగ్ 2 లెక్కలో (రెట్టింపైతే ప్లస్ 1, సగమైతే మైనస్ 1) ఇది మైనస్ 1. పట్టికలో తగ్గినట్టు ఎర్ర రంగు పడుతుంది. కానీ ఆ జన్యువు అసలు కదలనే లేదు!

నిజంగానే పాలకణంలో ఇలాంటిది జరుగుతుంది. మాయ పడిపోయాక ప్రొజెస్టెరాన్ హార్మోన్ దిగిపోతుంది, రెండు మూడు రోజుల్లో పాలు బాగా పడతాయి. బీటా కేసిన్, ఆల్ఫా లాక్టాల్బుమిన్ జన్యువులు జోరందుకుంటాయి. ఆల్ఫా లాక్టాల్బుమిన్ లేనిదే లాక్టోజ్ (పాలలోని చక్కెర) తయారవదు, ఆ లాక్టోజే నీటిని లాగి పాలను పెంచుతుంది. మొదటి రోజు సాధారణంగా 100 మి.లీ. కూడా దాటని పాలు అయిదో రోజుకు అర లీటరు దాకా వస్తాయి. లీటరుకు లాక్టోఫెర్రిన్ సగమైందనుకున్నా, పాలు అయిదు రెట్లు పెరిగితే బిడ్డకు రోజుకు అందేది రెండున్నర రెట్లు. సిస్టర్ గారూ, తల్లులకు ఈ లెక్క చెప్పండి.

నేనైతే టీపీఎం అంకెను ఒంటరిగా ఎప్పుడూ చదవను. రెండు జన్యువుల నిష్పత్తి తీస్తాను. పై ఉదాహరణలో లాక్టోఫెర్రిన్‌కూ మిగతావాటికీ నిష్పత్తి మొదట 20:60, తర్వాతా 20:60. పెరిగింది కేసినే అన్న అనుమానం అక్కడే వస్తుంది. దాన్ని రుజువు చేయాలంటే మాత్రం నమూనాలో ముందే తెలిసిన మోతాదులో బయటి ఆర్‌ఎన్‌ఏ కలిపి ఉండాలి.

ఐజీఏ (పాలలో బిడ్డకు అందే యాంటీబాడీ) గురించి అడిగినవారికి: దాన్ని పాలకణం తయారుచేయదు. రొమ్ములో చేరిన ప్లాస్మా కణాలు తయారుచేస్తే, పాలకణం మోసుకొచ్చి పాలలో వదులుతుంది. అందుకే కొవ్వు పొర పట్టికలో ఆ మోసే గ్రాహకం, అంటే పీఐజీఆర్ జన్యువును చూడండి.

అభ్యాసం (ఇవీ నేను వేసిన టీపీఎం అంకెలే). ముర్రుపాలలో బీటా కేసిన్ 1,00,000, ఆల్ఫా లాక్టాల్బుమిన్ 50,000, లాక్టోఫెర్రిన్ 1,50,000, మిగతావి 7,00,000. నెల తర్వాత వరుసగా 4,00,000, 1,50,000, 60,000, 3,90,000. మిగతావాటి మొత్తం పరిమాణం మారలేదనుకుని, లాక్టోఫెర్రిన్ తగ్గుదలలో వాటా వల్ల కనిపించేది ఎంత, నిజంగా తగ్గింది ఎంత అన్నది విడదీయండి. ఆ తర్వాత "మిగతావి" కూడా రెట్టింపయ్యాయనుకుని మళ్లీ చేయండి. జవాబు మారుతుంది. ఎందుకు మారిందో రెండు వాక్యాల్లో రాసి పంపండి, అంకెలు మాత్రమే పంపితే దిద్దను.