వాలెట్‌లో అన్ని దేశాల కరెన్సీలు పెడుతున్నారా? పాత రేటుతో మాత్రం పంపనివ్వకండి

మొన్న కువైట్‌లో ఉండే మన కడప జిల్లా అబ్బాయి ఒకడు రూమ్మేట్ బాకీ తీర్చడానికి బిట్‌కాయిన్ వాలెట్ తెరిచి 100 దినార్లు అని కొట్టి పంపాడు. అవతల చేరింది 108 దినార్ల విలువ. లెక్క తప్పలేదు, రేటే మూడు రోజుల కిందటిది. ఈలోగా బిట్‌కాయిన్ పెరిగింది, రేటు తెచ్చే సర్వర్ పడిపోయింది, యాప్ మాత్రం తన దగ్గరున్న పాత అంకెనే దర్జాగా చూపిస్తూ కూర్చుంది. రూమ్మేట్ కాబట్టి తిరిగిచ్చాడు. ముక్కూమొహం తెలియనివాడైతే అంతే సంగతులు, బిట్‌కాయిన్‌లో పంపింది వెనక్కి లాగే బటన్ లేదు.

ఇలాంటి వాలెట్ యాప్ కట్టే మీకు టెస్టులు రాయండి, మంచి ఏపీఐ (బయటి సర్వర్ నుంచి రేట్లు తెచ్చుకునే దారి) వాడండి లాంటివి నేను చెప్పక్కర్లేదు. నేను చూసినంతలో మనుషుల్ని ముంచేది ఒక్కటే: కొత్త రేటు రానప్పుడు పాతదాంతోనే పని కానిచ్చెయ్యడం.

రేటు వయసు

చాలా కరెన్సీల్లో బిట్‌కాయిన్ ధర నేరుగా దొరకదు. డాలర్లలో ధర తీసుకుని, డాలర్‌కి ఆ దేశపు రేటు ఎంతో దాంతో గుణిస్తాం. మొదటిది ఆదివారం, పండగ అని లేకుండా కదులుతూనే ఉంటుంది. రెండోది మన శనివారం తెల్లారేసరికి ఆగిపోతుంది. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేట్లయితే పనిదినాల్లో రోజుకి ఒక్కసారే వస్తాయి. కాబట్టి రెండింటికీ విడివిడిగా టైమ్ దాచండి, గడువు కూడా విడివిడిగా పెట్టండి. కరెన్సీ వైపు శని, ఆదివారాలు ఓర్చుకోవచ్చు, బిట్‌కాయిన్ వైపు పది నిమిషాలు దాటితే నా దృష్టిలో పాతదే. దాచాల్సింది రేటు పుట్టిన టైమ్, ఫోన్‌లోకి దిగిన టైమ్ కాదు.

2022 మార్చిలో ఆ బ్యాంకే రష్యా రూబుల్ రేటు ఇవ్వడం ఆపేసింది. కొత్త జాబితాలో ఉన్నవాటినే అప్‌డేట్ చేసే కోడ్ అయితే రూబుల్ పక్కన ఆ రోజు అంకె శిలాశాసనంలా అలాగే ఉండిపోతుంది, పైన మాత్రం "ఇప్పుడే అప్‌డేట్ అయింది" అని రాసుంటుంది.

గడువు దాటిన రేటుతో బ్యాలెన్స్ చూపిస్తే చూపించండి, బూడిద రంగులో, పక్కన టైమ్ వేసి. పంపే స్క్రీన్‌లో మాత్రం రూపాయల గడి మూసెయ్యండి. బిట్‌కాయిన్‌లోనో సతోషీల్లోనో (బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు ఒక సతోషీ) కొట్టుకోనివ్వండి. పాత రేటుతో పంపనివ్వకండి.

తాజాదే, కానీ తప్పు

2024 జనవరి 1న పోలండ్ జ్లోటీ ఒక్కసారిగా కుప్పకూలినట్టు గూగుల్ చూపించింది. సెలవు రోజు, మార్కెట్లే మూసి ఉన్నాయి. అవి తప్పుడు అంకెలని ఆర్థిక మంత్రే చెప్పాల్సొచ్చింది. 2019 జూన్‌లో సింథెటిక్స్ అనే క్రిప్టో ట్రేడింగ్ వేదికకి రేట్లు అందించే ఒక ఫీడ్‌లో కొరియా వాన్ ధర 1,000 రెట్లు ఎక్కువగా వచ్చింది. ఆ సందులో ఒక బాట్ (దానంతటదే ట్రేడింగ్ చేసే ప్రోగ్రామ్) కాగితం మీద 100 కోట్ల డాలర్లకు పైగా లాభం చేసుకుంది, దాని యజమాని వెనక్కివ్వడానికి ఒప్పుకోబట్టి బతికిపోయారు.

అందుకని రెండు సోర్సులు పెట్టుకుని పోల్చండి. నిన్నటి రేటుతో పోల్చి "మరీ ఎక్కువ మారింది, వద్దు" అనుకున్నారో, 2023 డిసెంబర్‌లో అర్జెంటీనా పెసో విలువని ప్రభుత్వమే సగానికి పైగా తగ్గించిన రోజున మీ యాప్ మళ్ళీ పాత రేటు దగ్గరే ఆగిపోతుంది. మళ్ళీ అదే తప్పు.

సున్నాలు, చుక్కలు

పైసల్ని రూపాయలు చేసినట్టు అన్నిటినీ 100తో భాగించడం కోడ్‌లో రాసెయ్యకండి. జపాన్ యెన్‌కి పైసలు లేవు. కువైట్, బహ్రెయిన్ దినార్లకీ ఒమన్ రియాల్‌కీ చుక్క తర్వాత మూడంకెలు, దినార్‌కి 1,000 ఫిల్స్. 12,500 ఫిల్స్‌ని 100తో భాగిస్తే పన్నెండున్నర దినార్లు కాస్తా 125 అవుతాయి. కరెన్సీ కోడ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4217 పట్టికలో అంతా ఉంది, అది వాడండి. జర్మనీ ఫోన్‌లో కామా అంటే దశాంశం, అక్కడ "1,500" అంటే ఒకటిన్నర. సియెర్రా లియోన్ 2022లో తన కరెన్సీలో మూడు సున్నాలు తీసేసి కొత్త కరెన్సీ కోడ్ తెచ్చింది, పాత కోడ్‌కి కొత్త రేటు అంటించకండి.

ఇక మిగతావి, వరసగా.

రేటు లేకపోతే సున్నా చూపకండి, గీత పెట్టండి. సున్నా చూసినవాడి టెన్షన్ మీకేం తెలుసు.

బ్యాలెన్స్ సతోషీల్లో, పూర్ణాంకంగా. ఫ్లోట్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే సంఖ్య) వద్దు.

డాలర్ గుర్తు ఒక్కటే పెడితే చాలదు, మెక్సికో పెసోదీ అదే గుర్తు. USD, MXN లాంటి కరెన్సీ కోడ్ కూడా చూపించండి.

డాలర్ మీదుగా కట్టిన రూపాయి ధర, ఇక్కడి ఎక్స్ఛేంజీల్లో రూపాయి ధర ఒకటి కావు. "సుమారు" అని రాసి, సోర్సు పేరు వెయ్యండి.

లావాదేవీ నాటి రేటు దాంతోపాటే దాచండి. మన దగ్గర 30 శాతం పన్ను కట్టేవాడు ఆ అంకెనే పట్టుకెళ్తాడు, నేటి రేటుతో పాతవి తిరగరాయకండి.

జాబితా మొత్తం ఒకేసారి తెప్పించండి. ఒక్క కరెన్సీయే అడిగితే యూజర్ ఏ దేశంవాడో సర్వర్‌కి మీరే చెప్పినట్టు.

ఏపీఐ కీ (రేటు సర్వర్‌కి మీరు చూపే రహస్య సంకేతం) యాప్‌లో పెట్టొద్దు.

ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు. అది వెనక్కి ఉంటే పాత రేటు కూడా తాజాగా కనిపిస్తుంది.

కన్ఫర్మ్ స్క్రీన్‌లో రేటు, దాని టైమ్, సతోషీలు, మూడూ ఉండాలి.

రిలీజ్‌కి ముందు రేటు సర్వర్ ఒక్కదాన్నే బ్లాక్ చేసి, ఒక రోజాగి, పంపే స్క్రీన్ తెరవండి. 100 రూపాయలు కొట్టనిచ్చిందా, రిలీజ్ ఆపండి.