ఆలివ్ కాయకు పురుగా? ముందు కోసి చూడండి

కాలిఫోర్నియాలో పెరటి ఆలివ్ చెట్టు చూసి ఊరగాయకు ఆశపడే మనవాళ్ళు చాలామంది. కాయ చెడితే వెంటనే స్ప్రేయర్ ఎత్తకండి. ఓ పది కాయలు కోసి లోపల చూడండి.

సమస్య: తొక్క మీద సూదితో గుచ్చినట్టు మచ్చ, గుజ్జులో గోధుమరంగు దారులు, తెల్ల పురుగు.

కారణం: ఆలివ్ ఈగ. మన మామిడి పండు ఈగకు దగ్గరి చుట్టమే. కాలిఫోర్నియాలో మొదట 1998లో లాస్ ఏంజెలెస్ దగ్గర కనబడింది. ఆడ ఈగ తొక్క కింద గుడ్డు పెడుతుంది, పురుగు లోపలే పెరుగుతుంది. అందుకే మచ్చ పడ్డాక పైన వేపనూనె కొట్టినా దానికి తగలదు.

పరిష్కారం: పని నిరుటి కాయతో మొదలవుతుంది. చెట్టున మిగిలినవీ, కింద రాలినవీ ఏరి, సంచిలో మూట కట్టి చెత్తలో వేయండి, లేదా నాలుగంగుళాలకు తగ్గకుండా పూడ్చండి. కంపోస్టు కుప్పలో పడేస్తే ఈగల్ని మనమే పెంచినట్టు. పక్కింట్లో అందానికి పెంచే చెట్టుంటే అక్కడి కాయ ఎవరూ కోయరు. మొహమాటపడకుండా అడిగి మీరే ఏరండి, నా లెక్కలో ట్రాప్ కన్నా ఇదే మేలు.

ట్రాప్ కూడా కట్టండి. రెండు లీటర్ల ప్లాస్టిక్ బాటిల్ పైభాగంలో 5 మి.మీ. రంధ్రాలు పెట్టి, లీటరు నీళ్ళలో మూడు నాలుగు టోరులా ఈస్ట్ బిళ్ళలు (వాసనతో ఈగల్ని లాగేవి) వేసి, కొమ్మల నీడలో వేలాడదీయండి. కంపు కొడుతుంది, కానీ అంత చిన్న రంధ్రంలో తేనెటీగ దూరదు. అయినా ఈగలు ఎక్కువగా పడుతుంటే, టెంక గట్టిపడక ముందే, అంటే జూన్ మధ్య నుంచి, సేంద్రియ సాగుకు అనుమతి ఉన్న స్పైనోసాడ్ ఎర మందు లేబుల్ ప్రకారం వాడాలి. కయోలిన్ తెల్లమట్టి పూసినా ఈగ గుడ్లు పెట్టడానికి వెనకాడుతుంది. వాన పడితే మళ్ళీ పూయాల్సిందే.

సమస్య: ఆకులు జిగట, పైన మసి.

ఇది నల్ల పొలుసు పురుగు పని. వీపు మీద ఇంగ్లిష్ 'హెచ్' ఆకారంలో గీతలుంటాయి. గుబురు కొమ్మలు తీసి ఎండ లోపలికి పోనివ్వండి, వేడికి పిల్ల పురుగులు చస్తాయి. కాండానికి జిగురు పట్టీ చుట్టి చీమలను ఆపండి. పొలుసు పురుగులు వదిలే తీపి జిగట కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి.

పూత మీద దూదిలా తెల్లగా ఉంటే సిల్లిడ్ అనే రసం పీల్చే చిన్న పురుగు. ఆ రెమ్మలు కత్తిరిస్తే సరి.

కాయ ముడతలు పడి, లోపల శుభ్రంగా ఉందా? పురుగు కాదు, నీటి ఎద్దడి. బాగా తడి ఇవ్వండి, చాలావరకు మళ్ళీ నిండుకుంటాయి.