నాగార్జునకొండకు వెళ్లేవారికి కొన్ని సూచనలు

నాగార్జునకొండ చూసి వచ్చినవారిలో చాలామంది లాంచీ ప్రయాణం గురించే చెబుతారు. కృష్ణ మీద ఆ ప్రయాణం బాగుంటుంది, కాదనను. అయితే లాంచీ వెళ్లే ఆ నీళ్ల అడుగునే, ఒకప్పుడు ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేదని తెలుసుకుని ఎక్కడం మేలు. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపారు. బయటపడిన కట్టడాల్లో ముఖ్యమైన తొమ్మిదింటిని విడదీసి తెచ్చి, నీళ్లకు అందని కొండమీద తిరిగి కట్టారు. నేడు ద్వీపంగా కనిపించేది ఒకప్పుడు ఆ లోయలో నిలిచిన కొండే.

వెళ్లే రోజును జాగ్రత్తగా ఎంచుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీలు విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ నుంచి బయలుదేరతాయి. గాలి ఎక్కువగా ఉన్నా, వరద వచ్చినా ఆపేస్తారు కాబట్టి ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవడం అవసరం. వేసవిలో రాతి నేల మీద నడక చాలా కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. మొదటి లాంచీకే వెళ్లండి. దీవిలో గడిపే సమయం తిరుగు లాంచీని బట్టి ఉంటుంది కనుక, దిగగానే ఆ లాంచీ ఎన్నింటికో సిబ్బందిని అడిగి తెలుసుకోండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మాట అడగక, ఫొటోలకే గంట ఖర్చుచేసి, మహాచైత్యాన్ని, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపాన్ని, దూరం నుంచే చూసి పరుగున వచ్చి లాంచీ ఎక్కవలసి వచ్చింది. ఆ వెలితి రెండోసారి వెళ్లేదాకా తీరలేదు.

మ్యూజియంలో అడుగుపెట్టగానే శిల్పాల దగ్గర ఆగకుండా, ముందు మునిగిన లోయ నమూనా దగ్గరకు వెళ్లండి. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం, అశ్వమేధ స్థలం ఎక్కడెక్కడ ఉండేవో అక్కడ అర్థమయ్యాక, మిగతావన్నీ వాటి చోటుతో సహా మనసులో నిలుస్తాయి. ఆ తరువాత పల్నాటి సున్నపురాతి ఫలకాలను ఒక్కొక్కటిగా, నిదానంగా చూడాలి. రౌతు లేకుండా, పైన గొడుగుతో కనిపించే గుర్రం సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లిన ఘట్టానికి గుర్తు; బోధివృక్షం జ్ఞానోదయానికి, చక్రం మొదటి ప్రబోధానికి, స్తూపం మహాపరినిర్వాణానికి గుర్తులు. ఈ నాలుగూ తెలిస్తే గైడు లేకపోయినా చాలా శిల్పాలు బోధపడతాయి. పొడుగాటి అంగీ తొడుక్కుని, ఈటె పట్టుకుని నిలబడిన శక యోధుడి (శకులు మధ్య ఆసియా నుంచి వచ్చిన జాతి) స్తంభం దగ్గర కాసేపు ఆగండి. కృష్ణా తీరానికి ఎంత దూరం నుంచి మనుషులు వచ్చి ఉంటారో ఆ ఒక్క శిల్పం చెబుతుంది.

బయట మహాచైత్యం దగ్గర పునాది కట్టిన తీరు చూడండి. బండి చక్రానికి ఆకులు ఉన్నట్టే, మధ్య నుంచి అంచుకు ఇటుక గోడలు వెళ్లి, వాటి మధ్య గదులు ఏర్పడతాయి. ఆ గదులను మట్టితో నింపి పైన అండాన్ని, అంటే స్తూపపు గుమ్మటాన్ని, నిలిపేవారు. పెద్ద స్తూపాన్ని అంతా ఇటుకతోనే నింపకుండా దృఢంగా కట్టే ఉపాయమిది. ఈ చైత్యానికి ఆయక స్తంభాలు (స్తూపం అంచున ఉండే అరుగుల మీది రాతి స్తంభాలు) నిలిపించిన దాత ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి. నాలుగు దిక్కులా, దిక్కుకు ఐదు చొప్పున నిలిపే ఆ స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన దానశాసనాలు ఉన్నాయి. రాణులూ, రాజబంధువులైన స్త్రీలూ ఇన్ని దానాలు చేసినట్టు చెప్పే చోటు మన నేలమీద మరొకటి దొరకడం అరుదు.

రాళ్లను ముట్టుకోవద్దు, గోడలెక్కవద్దు. ఇటుక ముక్కనైనా, కుండ పెంకునైనా ఇంటికి తేవద్దు; దొరికిన చోటు నుంచి కదిలితే పెంకు చెప్పవలసిన చరిత్ర పోతుంది. రక్షిత కట్టడాలకు హాని చేస్తే 1958 నాటి చట్టం ప్రకారం శిక్ష కూడా ఉంది. పిల్లలను తీసుకువెళితే ఈ మాట లాంచీలోనే చెప్పండి.

తిరిగి వచ్చాక పొద్దు ఉంటే అనుపు తప్పక చూడండి. లోయ నుంచి తరలించిన మెట్ల వరుసల రంగస్థలాన్నీ, పిల్లలను కాపాడే దేవతగా బౌద్ధులు కొలిచిన హారీతి ఆలయాన్నీ అక్కడ తిరిగి కట్టారు. మీలో ఒకరు రంగస్థలంలో కిందనున్న బయలులో నిలబడి మామూలు గొంతుతో ఒక పద్యం చదవండి. మిగిలినవారు అన్నిటికంటే పై మెట్టు మీద కూర్చుని వినండి.