వర్చువల్ డెస్క్‌టాప్‌లో వీడియో ఆగి ఆగి ఆడుతుంటే: నా అనుభవం

మా సర్వర్‌లో ఒక గ్రాఫిక్స్ కార్డును ఎనిమిది వర్చువల్ డెస్క్‌టాప్‌లు (సర్వర్‌లో నడుస్తూ, నెట్‌వర్క్ ద్వారా యూజర్ తెరమీద కనిపించే కంప్యూటర్లు) పంచుకుంటాయి. వాటిలో ట్రైనింగ్ వీడియో పెడితే చాలు, మాట ముందు వెళ్లిపోయేది, పెదాలు తర్వాత కదిలేవి. రెండు రోజులు నెట్‌వర్క్‌నే అనుమానించాను. అది తప్పు.

వీడియో ఆడుతుండగానే టాస్క్ మేనేజర్ తెరిస్తే సంగతి బయటపడింది: సీపీయూ 100 శాతం దగ్గర కొట్టుకుంటోంది, జీపీయూలో, అంటే గ్రాఫిక్స్ కార్డులో, వీడియో డీకోడ్ (కుదించిన వీడియోను విప్పే పని) గ్రాఫ్ మాత్రం సున్నా మీద గీత గీసినట్టు ఉంది. అంటే కార్డు ఖాళీగా ఉంది, పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. ఎప్పుడో ఏదో సమస్య వచ్చినప్పుడు మాస్టర్ ఇమేజ్‌లో (అన్ని డెస్క్‌టాప్‌లకూ మూలమైన కాపీ) బ్రౌజర్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించే సెట్టింగ్) ఆపేసి, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోయాం. ఆన్ చేయగానే గ్రాఫ్ లేచింది, సీపీయూ సగానికి దిగింది.

అయినా సాఫీగా లేదు. ఎందుకంటే ఇక్కడ వీడియోకి రెండు పనులు, ఒకసారి డీకోడ్ అయి తెరమీదకు రావాలి, ఆ తెరను మళ్లీ ఎన్‌కోడ్ చేసి, అంటే వీడియోగా కుదించి, యూజర్‌కి పంపాలి. ఆ రెండోది ఇంకా సాఫ్ట్‌వేర్‌లోనే, అంటే ప్రాసెసర్ మీదే నడుస్తోంది. గ్రూప్ పాలసీలో (విండోస్ సెట్టింగులను అన్ని మెషీన్లకూ ఒకేచోట నుంచి పెట్టేది) రిమోట్ సెషన్లకు హార్డ్‌వేర్ గ్రాఫిక్స్, హెచ్.264 (వీడియోను కుదించే ఒక పద్ధతి) హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ రెండూ ఎనేబుల్ చేసి రీస్టార్ట్ చేశాక మాటా పెదాలూ కలిశాయి. విండోస్ రిమోట్ సెషన్‌లో మామూలుగా సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, కాబట్టి 60 ఫ్రేముల వీడియోతో మాత్రం టెస్ట్ చేయకండి, అనవసరంగా టెన్షన్.

ఒక్క యూజర్‌కే ఇంకా ఆగేది. రెండు 4కె మానిటర్లు, 1 జీబీ ప్రొఫైల్ (ఒక్కో డెస్క్‌టాప్‌కి కార్డు మెమరీలో ఇచ్చే వాటా), గ్రాఫిక్స్ మెమరీ నిండిపోతోంది. మా సెటప్‌లో ఒకే కార్డు మీద వేర్వేరు సైజులు కలపలేం కాబట్టి, ఆ డెస్క్‌టాప్‌ను 2 జీబీ ప్రొఫైల్ ఉన్న సర్వర్‌కి మార్చాం.